పేర్చి వదిలేసే ఆట: తరచుగా అడిగే ప్రశ్నలు

మా గిల్డ్‌లో, అంటే ఆటలో కలిసి ఆడే గుంపులో, 30 సీట్లు. ఇంచుమించు సగం మంది బెజవాడ, ఇంచుమించు సగం గుంటూరు, ఇద్దరు తెనాలి వాళ్ళు. కొత్తగా ఎవరు చేరినా మొదటి వారంలో ఇవే ప్రశ్నలు. రాత్రి పదకొండింటికి ఒక్కొక్కళ్ళకీ విడిగా టైప్ చేసే ఓపిక నాకిక లేదు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఆట పేరు కావాలనే రాయలేదు. జట్టును పేర్చి వదిలేసే ఈ ఐడిల్ ఆటలన్నీ ఒకే తాను ముక్కలు. అంకెలు మారతాయి గానీ పద్ధతి మారదు. మీరు ఆడేది వేరేదైనా ఇక్కడ చెప్పిందాంట్లో చాలావరకు పనికొస్తుంది.

అసలు ఈ ఆట ఏంటి? ఒక్క ముక్కలో చెప్పండి.

ఐదారుగురు వీరుల్ని గళ్ళ మీద నిలబెడతారు. యుద్ధం బటన్ నొక్కాక వాళ్ళే కొట్టుకుంటారు. గెలిస్తే తర్వాతి స్టేజ్. మీరు ఫోన్ పక్కన పడేసి పనికి పోయినా, మీ జట్టు ఏదో పోరాడుతున్నట్టు లెక్కగట్టి బంగారం, ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) ఒక పెట్టెలో పోగేస్తుంది. తిరిగొచ్చి ఆ పెట్టె తెరిచి, వచ్చినదాంతో వీరుల్ని పెంచి, మళ్ళీ పేరుస్తారు.

ఒక్క ముక్కలో అడిగారు కాబట్టి: పేర్చడం మన పని, కొట్టడం వాళ్ళ పని.

ఆడకుండానే ఆడే ఆటేంట్రా? దానికి నువ్వెందుకు?

ఇది మా నాన్న ప్రశ్న. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, కాబట్టి దాటవేసే జవాబు చెల్లదు.

ఈ సంగతి మొదట జోక్‌గానే పుట్టింది. 2002లో ఎరిక్ ఫ్రెడ్రిక్సెన్ అనే ప్రోగ్రామర్ 'ప్రోగ్రెస్ క్వెస్ట్' అని ఒకటి చేశాడు. పాత్రను తయారుచేసి వదిలేస్తే అదే రాక్షసుల్ని చంపుకుంటూ, అదే లెవెల్ పెంచుకుంటూ పోతుంది. మీరు చూస్తూ కూర్చోవాలి. గంటల తరబడి అదే పని చేయించే ఆర్పీజీల (పాత్రను పెంచుకుంటూ పోయే ఆటల) మీద వెటకారం అది. వెటకారమే తర్వాత వ్యాపారమైంది. 2013లో బిస్కెట్లు నొక్కే 'కుకీ క్లిక్కర్' వచ్చింది, 2016లో 'ఐడిల్ హీరోస్', 2019లో 'ఏఎఫ్‌కే అరీనా'. ఏఎఫ్‌కే అంటే కీబోర్డు దగ్గర మనిషి లేడని చెప్పే పొట్టి మాట. ఆ పేరుతోనే ఆట అమ్మారంటే చూడండి.

మరి మనమెందుకంటే, పేర్చడానికి. నాన్నకి పులి-మేక గుర్తుచేశాను. 3 పులులు, 15 మేకలు. మేకలు ఆడేవాడు వాటిని ఒక్కొక్కటిగా బరిలో పెట్టుకుంటూ రావాలి. అన్నీ దిగేదాకా పెట్టినదాన్ని కదిపే వీల్లేదు. పులి మేకను చంపాలంటే దాని మీదుగా దూకి వెనకున్న ఖాళీ చోట్లో దిగాలి. అంటే మేక ప్రాణం మేక బలంలో లేదు, దాని వెనక చోటు ఖాళీగా ఉందా లేదా అన్నదాంట్లో ఉంది. ఈ ఫోన్ ఆటలోనూ అంతే. నాన్న కాసేపు స్క్రీన్ వంక చూసి, "ఆ కర్ర పట్టుకున్న పిల్ల వెనక ఖాళీ ఎందుకు వదిలావు?" అన్నాడు. ఆ కర్ర పిల్ల నా హీలర్, అంటే మిగతావాళ్ళకి ప్రాణం నింపేది. ఆ రోజు నిజంగానే ఆమె వల్లే ఓడిపోయాను.

నిలబెట్టడంలో అంత ఏముంది? పవర్ ఎక్కువుంటే గెలుస్తాం కదా?

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు, కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను.

స్క్రీన్ మీద కనపడే పవర్ అంకె ఒట్టి కూడిక. ఎవరికీ తగలని మూలలో నిలబడ్డ విలుకాడి కవచం కూడా అందులో కలిసి ఉంటుంది. యుద్ధంలో ఆ కవచం దండగ. ముందు ఎవరికి దెబ్బ తగులుతుంది, ఎవరి స్కిల్ ముందు పేలుతుంది అన్నవి గెలుపోటములు తేలుస్తాయి. ఈ రెండూ చోటును బట్టే ఉంటాయి.

మామూలు వీరుడు తనకు దగ్గరున్న శత్రువును కొడతాడు. అందుకే ట్యాంక్‌ని అందరికంటే ఒక గడి ముందు పెడతాం, దెబ్బలన్నీ వాడి మీదికే పోవాలని. కొందరు మాత్రం దగ్గరోణ్ణి వదిలేసి నేరుగా అందరికంటే దూరంగా ఉన్నవాడి మీదికి దూకుతారు. మా గిల్డ్‌లో వాళ్ళని దొంగలంటాం. దొంగ ఉన్న జట్టు ఎదురైతే వెనక మూలన హీలర్‌ని దాచడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఆ మూలన రెండో ట్యాంక్‌నో, కాస్త మొండివాణ్ణో పెట్టండి. దొంగ వాడి మీదికి దూకి అక్కడే ఇరుక్కుంటాడు. ఇంకొందరు అందరికంటే ప్రాణం తక్కువున్నవాణ్ణి ఏరుకుంటారు. ప్రతి వీరుడి స్కిల్ వివరణలో ఇది ఒక వాక్యంలో రాసి ఉంటుంది. ఎవరూ చదవరు. చదవండి.

ఇక అభిమన్యుడి సమస్య. కొందరు ట్యాంకులకు ఎగిరి శత్రువుల మధ్యలో పడే స్కిల్ ఉంటుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ హీలర్ చెయ్యి చాపేంత దూరం దాటి పోతే, పద్మవ్యూహంలోకి అభిమన్యుడు దూరాక వెనకొచ్చే పాండవుల్ని సైంధవుడు ఆపేసినట్టే అవుతుంది. లోపలివాడు ఒంటరి, బయటివాళ్ళు ప్రేక్షకులు. అలాంటి ట్యాంక్ ఉంటే హీలర్‌ని ఒక వరస ముందుకు జరపండి, లేదా ఆ ట్యాంక్‌ని మార్చండి.

నా సొంత గొడవ ఒకటి. ఒక స్టేజ్ దగ్గర నాలుగు రోజులు ఇరుక్కున్నాను. నా పవర్ 2,10,000, అవతలిది 1,80,000. అయినా ప్రతిసారీ ఇరవై సెకన్లలోపే నా హీలర్ పోయేది. ఒకరోజు గుంటూరు వెళ్ళే పాసింజర్‌లో కూర్చుని, స్పీడ్ తగ్గించి, మొదటి ఐదు సెకన్లే పదిసార్లు చూశాను. అవతలి మంత్రగాడు తనకు దగ్గరున్నవాడి మీద నిప్పు వేస్తున్నాడు. అది చుట్టూ ఒక్కో గడికి పాకుతోంది. నా హీలర్ సరిగ్గా ట్యాంక్ వీపు వెనకే ఉంది. ఆమెను రెండు గళ్ళు పక్కకి జరిపాను. రైలు కృష్ణా కెనాల్ స్టేషన్ దాటేలోపు స్టేజ్ గెలిచేశాను. నాలుగు రోజులు పెంచింది దండగ, జరిపింది రెండు గళ్ళు.

అందుకే ఓడిన ప్రతిసారీ 'పవర్ చాలలేదు' అనుకోకండి. ముందు చనిపోయింది ఎవరు, ఎవరి చేతిలో? ఆ ఒక్కటి చూడండి.

అదే జట్టుతో ఒకసారి ఓడి ఒకసారి గెలుస్తున్నా. అదృష్టమా?

చాలా ఆటల్లో క్రిటికల్ దెబ్బలు (అప్పుడప్పుడు మామూలు కంటే గట్టిగా తగిలేవి) పాచికల మీద పడతాయి. కాబట్టి ఏమీ మార్చకుండా ఐదారుసార్లు మళ్ళీ వేయడం తప్పేం కాదు. కొన్ని ఆటల్లో మాత్రం ఒకే అమరికకు ఎప్పుడూ ఒకే ఫలితం వస్తుంది. రెండుసార్లు కదలకుండా చూస్తే మీది ఏ రకమో తెలిసిపోతుంది. రెండో రకమైతే మళ్ళీ మళ్ళీ నొక్కి వేలు నొప్పి పుట్టించుకోకండి, ఒక్కణ్ణి ఒక్క గడి జరిపి చూడండి.

వారం నుంచి ఒకే స్టేజ్. అమరికలన్నీ మార్చేశాను. ఇంకేం చెయ్యాలి?

ఆగండి. నిజంగానే ఆగడమే ఇక్కడ జవాబు.

గోడ ఎందుకొస్తుందో లెక్క చూస్తే కోపం తగ్గుతుంది. ఒక్కో లెవెల్‌కి ఖర్చు ముందుదానికంటే 10 శాతం ఎక్కువనుకోండి. వినడానికి చిన్నదే. కానీ 24 లెవెల్స్ ఎక్కేసరికి ఖర్చు దాదాపు 10 రెట్లు, 48 ఎక్కేసరికి దాదాపు 100 రెట్లు అవుతుంది. పెట్టెలో పడే బంగారం అంత వేగంగా పెరగదు. మొదటి రోజు నిమిషానికో స్టేజ్ దాటినవాడు నెల తిరిగేసరికి రోజుకొకటి దాటితే గొప్ప. మీరేదో తప్పు చేశారని కాదు, ఆటను కట్టిందే అలా. మీకు విసుగొచ్చే చోటు వాళ్ళకు తెలుసు. సరిగ్గా అక్కడే '99 రూపాయలకే' అని ఒక బోర్డు తగిలిస్తారు. గోడ దగ్గర ఏదీ కొనకూడదన్నది నా నియమం. కొనాలనిపిస్తే వేరే రోజు, గెలుస్తున్న రోజు కొనండి. అప్పుడెవరికీ కొనాలనిపించదు.

ఆగడమంటే పెట్టె తెరవడం మానేయమని కాదు. రోజువారీ పనులు చేసుకుని, వచ్చింది దాచి, మూడు నాలుగు రోజులకి ఒకసారి ఆ గోడ మీద ప్రయత్నించండి.

అందరినీ సమానంగా పెంచాలా, ఒక్కణ్ణేనా?

ఒకరిద్దర్ని. పంక్తి భోజనంలో అందరికీ ఒకేలా వడ్డించడం మర్యాద గానీ, ఇక్కడ అది పనికిరాదు. కొన్ని ఆటల్లో దెబ్బ అంటే దాడి లోంచి రక్షణ తీసేయగా మిగిలింది. దాడి 100, ఎదుటివాడి రక్షణ 80 అయితే తగిలేది 20. దాడిని 120 చేస్తే తగిలేది 40. మీరు పెంచింది ఐదో వంతు, దెబ్బ రెట్టింపు. అదే సరుకు ఐదుగురికి పంచితే ఎవరి దెబ్బా గుచ్చుకోదు. ముందు కొట్టేవాడు ఒకడు, తర్వాత ట్యాంక్, ఆ తర్వాత హీలర్. మిగతా ఇద్దరూ కొన్నాళ్ళు ఊరికే నిలబడతారు, పర్వాలేదు.

పెట్టె ఎంతసేపటికోసారి తెరవాలి?

నిండేలోపు. చాలా ఆటల్లో పెట్టెకు 12 గంటలో, 24 గంటలో హద్దు ఉంటుంది. నిండాక ఒక్క నాణెం కూడా పడదు. 12 గంటలదైతే పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. దీనికోసం గంటకోసారి ఫోన్ తీసేవాళ్ళు మా గిల్డ్‌లో ఇద్దరున్నారు. గంటకోసారి తెరిచినా, 12 గంటలకోసారి తెరిచినా వచ్చేది ఒకటే. ఎన్నిసార్లు చెప్పినా వినరు.

ఈ ఆట బాగా కుదిరింది మిర్చి యార్డులో పనిచేసే మా బాబాయ్‌కి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆయనకి ఊపిరి సలపదు. బస్తాల మధ్య ఘాటుకి కళ్ళు మండుతుంటే ఫోన్ ఎవరు చూస్తారు? పొద్దున్నోసారి, పడుకునే ముందోసారి తెరుస్తాడు. లెక్క చూస్తే రోజంతా ఆడే కుర్రాళ్ళకంటే ఆయనే ముందున్నాడు.

రోజువారీ రీసెట్ తెల్లవారుజామున 5:30కే ఎందుకు? ఇదేం టైము?

సర్వర్లకి మన టైముతో పనిలేదు. చాలా ఆటలు గ్రీనిచ్ లెక్క ప్రకారం అర్ధరాత్రి 12 గంటలకు రోజు మారుస్తాయి. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందున్నాం, కాబట్టి మనకి 5:30. అలారం పెట్టుకుని లేవాల్సిన పనేం లేదు. రీసెట్‌కి ముందు నిన్నటి పనులు పూర్తయి ఉంటే చాలు, కొత్తవి సాయంత్రం చేసుకోవచ్చు. మా ఇంట్లో ఆ టైముకి లేచి ఉండేది నాన్న ఒక్కరే. పాల ప్యాకెట్లు తెచ్చి, కాఫీ పెట్టుకుని, నా ఫోన్లో పెట్టె తెరిచి, మళ్ళీ నా తలగడ పక్కనే పెట్టేస్తున్నాడని నాకు చాలా రోజులకి తెలిసింది.

మంచి వీరుడు వచ్చే అవకాశం 2 శాతం అని ఆటలో రాశారు. అంటే 50 పుల్స్‌కి ఒకటి గ్యారంటీనా?

కాదు. పుల్ అంటే టికెట్ ఇచ్చి వీరుడి కోసం ఒకసారి లాటరీ తీయడం. ఇది నాన్న కాగితం మీద వేసి చూపించిన లెక్క, యథాతథంగా ఇస్తున్నాను.

ఒక్క పుల్‌లో రాకపోవడానికి అవకాశం 0.98. పది పుల్స్‌లో ఒక్కటీ రాకపోవడానికి 0.98ని పదిసార్లు గుణించాలి: 0.817. అంటే పదిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం 18 శాతమే. 50 పుల్స్‌కి 64 శాతం, 100కి 87 శాతం. వంద పుల్స్ వేసినవాళ్ళు వంద మంది ఉంటే, వాళ్ళలో 13 మంది ఉత్త చేతులతో పోతారు. ఆ పదముగ్గురే మన గ్రూపులో అర్ధరాత్రి వాయిస్ మెసేజ్‌లు పెట్టేది.

'ఇన్నిసార్లు రాలేదు కాబట్టి ఈసారి వస్తుంది' అనేది నిజం కావాలంటే ఆటలో పిటీ ఉండాలి, అంటే ఫలానా సంఖ్య దాటితే తప్పకుండా ఇస్తామని రాసి ఉండాలి. రాసి ఉంటే అదే మీ అసలు ధర. పిటీ 60 అయితే, 60 పుల్స్‌కి సరిపడా టికెట్లు పోగయ్యేదాకా ఒక్కటి కూడా వాడకండి. మధ్యలో వస్తే సంతోషం.

ఈ శాతాలు కంపెనీలు దయతలచి చెప్పినవి కావు. సెట్టు మొత్తం పోగుచేస్తేనే బహుమతి ఇచ్చే 'కంప్లీట్ గాచా' పద్ధతి చట్టవిరుద్ధమని 2012లో జపాన్ తేల్చింది. 2017 చివర్లో ఆపిల్, 2019లో గూగుల్ ప్లే, లూట్ బాక్సులు (లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలు) అమ్మే ఆటలు కొనేముందే అవకాశాలు చూపించాలని నియమం పెట్టాయి. ఆ సమాచారం పుల్ స్క్రీన్‌లో ఎక్కడో మూలన చిన్న ప్రశ్నార్థకం గుర్తు వెనక ఉంటుంది. నొక్కి చూడండి.

డబ్బు పెట్టకుండా ఆడొచ్చా?

ఆడొచ్చు. మా గిల్డ్‌లో సగానికి పైగా ఒక్క రూపాయి పెట్టలేదు. పైసా పెట్టనివాడు కథ మొత్తం చూడగలడు, కాకపోతే నెమ్మదిగా. పోటీ ర్యాంకుల్లో పైన కూర్చోవాలంటే మాత్రం కుదరదు. అక్కడ ఉండేవాళ్ళని వేల్స్ అంటారు, తిమింగలాలన్నమాట. వాళ్ళతో పందెం పెట్టుకోవడం కోడిపందేల బరిలోకి ఇంట్లో గుడ్లు పెట్టే కోడిని తీసుకెళ్ళినట్టే.

పెట్టదలిస్తే నెలవారీ కార్డు ఒక్కటే లాభసాటి అని నా అభిప్రాయం. రోజుకి కొంచెం కొంచెంగా ఇస్తుంది కాబట్టి ఆత్రం పెంచదు. ప్లే స్టోర్‌లో నెలకు బడ్జెట్ పెట్టుకునే సౌకర్యం ఉంది. అయితే అది హెచ్చరిస్తుంది తప్ప ఆపదు.

ఒకతను సగం ధరకే డైమండ్స్ (ఆటలో డబ్బిచ్చి కొనే వజ్రాలు) వేస్తానంటున్నాడు. వేయించుకోనా?

వద్దు. నేను వేయించుకుని చెబుతున్నా.

ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకతనికి 1,200 రూపాయలు యూపీఐలో పంపి, లాగిన్ కూడా ఇచ్చాను. పది నిమిషాల్లో డైమండ్స్ పడ్డాయి. ఇద్దరు ఫ్రెండ్స్‌కి గొప్పగా చెప్పాను కూడా. మూడో వారంలో చూస్తే నా డైమండ్స్ లెక్క మైనస్‌లో ఉంది, అకౌంట్ సస్పెండ్ అయింది. తర్వాత అర్థమైంది మతలబు. వాళ్ళు దొంగ కార్డులతో కొంటారు, లేదా కొన్నాక రీఫండ్ లాగేస్తారు. కంపెనీకి డబ్బు వెనక్కి పోగానే ఆ డైమండ్స్‌ని మీ ఖాతాలోంచి కోసేస్తారు. అప్పటికే ఖర్చుపెట్టేస్తే మైనస్. అమ్మినవాడు ఫోన్ ఎత్తడు. నలభై రోజులు మెయిళ్ళు రాస్తే అకౌంట్ వచ్చింది, 1,200 రాలేదు.

మీకు ఇలాంటిది జరిగితే నాలా సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. 'రివార్డు పంపుతున్నాం, పిన్ కొట్టండి' అంటే మాత్రం అక్కడికక్కడే కట్ చేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.

మీరే పొరపాటున కొంటే, గూగుల్ ప్లేలో 48 గంటల్లోపు రీఫండ్ అడగొచ్చు. అది దాటితే ఆట కంపెనీనే అడగాలి. దీన్ని అలవాటుగా చేసుకుంటే మీ అకౌంట్‌కీ నా గతే పడుతుంది.

ఇది కూడా రమ్మీ లాంటిదేనా? పోలీసులతో ఇబ్బంది ఉండదు కదా?

ఆంధ్రప్రదేశ్ 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివి నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. అదే నెల 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. డబ్బు కట్టి, తిరిగి డబ్బు గెలవాలని ఆడే 'మనీ గేమ్స్' మీద ఆ నిషేధం. మన ఆటలో పెట్టిన డబ్బు ఏ రూపంలోనూ తిరిగి చేతికి రాదు. (రమ్మీలోనూ రాదనుకోండి, ఆశ ఒక్కటే తేడా.) సరదా ఆటలకు చందా కట్టినా ఆ చట్టం అడ్డు చెప్పదు. కానీ ఎవరైనా 'ఎంట్రీ 100, గెలిస్తే 5,000' అని మన ఆట పేరుతో టోర్నమెంట్ పెడితే దాని జోలికి పోవద్దు.

ఏఎఫ్‌కే అరీనా ప్లే స్టోర్‌లో కనపడటం లేదేంటి?

2020 సెప్టెంబరు 2న కేంద్రం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద 118 యాప్‌లను నిషేధించింది. అందరికీ పబ్జీ ఒక్కటే గుర్తుంది గానీ, అదే జాబితాలో ఇదీ ఉంది. ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైళ్ళు (ఏపీకేలు) వేసుకోమని ఎవరైనా చెబితే వినకండి. అందులో ఆటతో పాటు ఇంకేం కూర్చుందో తెలియదు, అదే ఫోన్లో మీ బ్యాంకు యాప్ కూడా ఉంటుంది.

ఫోన్ మారిస్తే ఆట పోతుందా?

గెస్ట్‌గా, అంటే ఏ ఖాతాకీ కలపకుండా ఆడితే పోతుంది. స్క్రీన్ పగిలి రిపేరుకిస్తే ఫోన్ రీసెట్ చేసి ఇచ్చారు ఒక షాపులో. మా తమ్ముడి ఎనిమిది నెలల ఆట గల్లంతు. ఈరోజే జీమెయిల్‌కో, మీకున్న ఇంకో ఖాతాకో కలపండి. సర్వర్ పేరు, మీ ఐడీ కనపడేలా ఒక స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఫోన్ కాలిపోతోంది అన్నా!

మే నెలలో బెజవాడలో మనమే కాలిపోతున్నాం. గ్రాఫిక్స్ తగ్గించి 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 30 బొమ్మలు) పెట్టండి. ఈ ఆటకి అంతకంటే అక్కర్లేదు, కొట్టుకునేది వాళ్ళు. చార్జింగ్ పెట్టి ఆడకండి, లిథియం బ్యాటరీకి వేడే శత్రువు. ముఖ్యంగా, ఆట తెరిచి ఉంచితేనే పెట్టె నిండుతుందనుకునేవాళ్ళకి: మూసేసినా నిండుతుంది. లెక్క సర్వర్‌లో జరుగుతుంది, మీ ఫోన్లో కాదు.

రైల్లో సిగ్నల్ పోతే?

ఏం కాదు, మహా అయితే ఆ ఒక్క యుద్ధం మళ్ళీ వేయాలి. నేను రోజూ గుంటూరు వెళ్ళొచ్చే దారిలోనే ఆడతాను. షూటింగ్ ఆటల్లా మధ్యలో ఆగితే నలుగురు తిట్టే బాధ లేదు. పెద్ద అప్‌డేట్లు మాత్రం ఇంట్లో వైఫై మీద దింపుకోండి.

గిల్డ్‌లో రోజూ రావాల్సిందేనా? రాకపోతే తీసేస్తారా?

మొదట్లో నియమం కఠినంగా ఉండేది. ఏడు రోజులు కనపడకపోతే తీసేయడమే. గిల్డ్ బాస్‌ని, అంటే గిల్డంతా కలిసి కొట్టాల్సిన పెద్ద రాక్షసుణ్ణి, అందరూ కొడితేనే అందరికీ నాణేలు వస్తాయి, ఖాళీ సీటు అందరికీ నష్టం. సబబైన నియమమే అనుకున్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అక్కడుండే మా సభ్యుడొకడు కనపడటం మానేశాడు. కరెంటు లేదు, ఫోన్ లేదు. టీవీలో పడవలు చూస్తున్నాం గానీ, గిల్డ్ జాబితాలో '7 రోజులుగా లేరు' అన్న ఎర్ర అక్షరాల వెనక ఉన్నది అతనే అని నాకు తట్టలేదు. అలవాటుగా తీసేశాను. పదకొండో రోజు కొత్త సిమ్ నంబరు నుంచి మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఇంట్లో బురద ఎత్తిపోసుకున్నాం, గిల్డ్‌లో లేనేంటి?" ఏం చెప్పను?

ఇప్పుడు నియమం ఇది: ముందు మెసేజ్ పెట్టి అడుగుతాం. జవాబు రాకపోయినా నెలదాకా సీటు కదలదు. పరీక్షలు, పెళ్ళిళ్ళు, పురుళ్ళు, వరదలు, అన్నిటికీ సెలవుంది. బాస్ నాణేలు కాస్త తగ్గాయి, అయితే ఏంటి?

బాబూ, మా అబ్బాయి ఇంటర్. సెలవులకి హాస్టల్ నుంచి వస్తే ఇదే పట్టుకుంటున్నాడు. ఎంతసేపైతే పర్వాలేదు?

అమ్మా, ఈ ఆటకి నిజంగా కావాల్సింది రోజుకి ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. మూడు గంటలు పడుతోందంటే అతను ఆడుతున్నది ఆట కాదు. ఆట గురించిన వీడియోలు, చాట్, పోటీ ర్యాంకులు. 'ఆట మానెయ్' అనేకంటే 'ఏ స్టేజ్‌లో ఉన్నావు?' అని అడిగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. పైగా హాస్టల్లో ఫోన్ లేని పిల్లలకి ఇదే నయం, వాళ్ళు లేకపోయినా ఏదో కొంత పోగవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో 'గేమింగ్ డిజార్డర్' ఉంది. ఆపుకోలేకపోవడం, తిండీ చదువూ అన్నిటికంటే ఆటే ముందుండటం, నష్టం కనపడుతున్నా సాగించడం, ఇవి సాధారణంగా 12 నెలల పాటు ఉంటేనే ఆ మాట వాడతారు. దసరా సెలవుల పది రోజులు చూసి ఆ పేరు పెట్టకండి. నిజంగా బెంగగా ఉంటే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఫోన్లో ఆడుతుంటే, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ వేలిముద్ర అడిగేలా పెట్టండి. ఆ పని ఈరోజే చేయండి.

ఆటలో తెలుగు లేదు. మీ మాటలు అర్థం కావట్లేదు.

నాలుగు మాటలు తెలిస్తే నడుస్తుంది. ట్యాంక్ అంటే దెబ్బలు కాసేవాడు, డీపీఎస్ లేదా క్యారీ అంటే కొట్టేవాడు, హీలర్ అంటే ప్రాణం నింపేది. బఫ్ మనవాళ్ళకి బలం, డీబఫ్ ఎదుటివాళ్ళకి నీరసం. సీసీ అంటే ఎదుటివాణ్ణి కాసేపు కదలనివ్వకపోవడం. ఎఫ్2పీ అంటే పైసా పెట్టనివాడు. మెటా అంటే ఈ నెల అందరూ పెంచుతున్న వీరుడు. వచ్చే నెల ఇంకొకడు. దాని వెంట పరుగెత్తకండి.

గిల్డ్‌లో ఖాళీ ఉందా?

ఒక్క సీటు ఉంది. పోయిన వారం దాకా రెండు ఉండేవి. ఒకదానికి తెల్లవారుజామున 5:31కి 'మేకలకాపరి' అనే పేరుతో దరఖాస్తు వచ్చింది. లెవెల్ 3, హీలర్ వెనక ఎక్కడా ఖాళీ గడి లేదు. పక్క గదిలోంచి కాఫీ వాసన వస్తోంది. ఒప్పేసుకున్నాను.